ఉమ్మడి నివాసానికి 41 నియమాలు రాసుకున్నాం. ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి?

గోధూళి

మా సత్సంగం వాళ్లం 16 మందిమి వచ్చే ఉగాది నుంచి ఒకేచోట ఉండబోతున్నాం. రెండున్నర ఎకరాల తోట, పన్నెండు గదులు, ఒకటే వంటగది, ఒక ధ్యానమందిరం. నాలుగు జంటలు, మిగతా ఎనిమిది మంది ఒంటరివాళ్లు. వయసులు 46 నుంచి 73 వరకూ. భూమి మాలో ఒకరిది, ఇంకా ఆయన పేరు మీదే ఉంది. గురువు అంటూ ఎవరూ లేరు.

నియమావళి రాస్తూ పోతే 41 అంశాలైంది. "పరస్పరం ప్రేమతో మెలగాలి", "అహంకారం విడవాలి", "పరనింద కూడదు", "వీలైనంత మౌనం పాటించాలి", ఇలా ఉన్నాయి. చదవడానికి బాగానే ఉన్నాయి. కానీ రేపు ఎవరైనా పాటించకపోతే ఏం చేయాలో అందులో ఒక్క ముక్క లేదు. వంట వంతులు, డబ్బు, కొత్తవాళ్లను చేర్చుకోవడం, గొడవ వస్తే తేల్చేది ఎవరు అన్నవి "తర్వాత చూద్దాం" అని వదిలేశారు. పాత సంఘాలు, ఆశ్రమాలు వీటిని ఎలా నడిపాయో తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరా?

తొట్లకొండ

సంఖ్య పెద్ద ఇబ్బంది కాదండి. థేరవాద బౌద్ధ భిక్షువుల నియమావళి అయిన పాతిమొక్ఖంలో 227 నియమాలున్నాయి, భిక్షుణులకు 311. వాళ్ల దగ్గర ఉండి మీ దగ్గర లేనిది ఒకటే: నియమం తప్పితే తర్వాత జరగాల్సిన పని.

ఆ 227నీ తీవ్రతను బట్టి మెట్లుగా పేర్చారు. అన్నిటికన్నా పైన నాలుగు పారాజికలు: మైథునం, దొంగతనం, మనిషిని చంపడం, తనకు లేని ఆధ్యాత్మిక సిద్ధి ఉందని చెప్పుకోవడం. వీటిలో ఏది చేసినా ఆ జన్మకు భిక్షుత్వం పోయినట్టే. నాలుగోదాన్ని హత్య పక్కన ఎందుకు కూర్చోబెట్టారో ఆలోచించండి. గురువు లేని గుంపుకు అసలు ప్రమాదం అదే. ఒకరు "నాకు ధ్యానంలో ఆదేశం వచ్చింది" అనడం మొదలుపెడితే మిగతా నియమాలన్నీ ఆ మాట కింద నలిగిపోతాయి. అందుకే "ధ్యానానుభవాన్ని ఉమ్మడి నిర్ణయానికి కారణంగా ఎవరూ చూపకూడదు" అని మీ పత్రంలో మొదటి పేజీలోనే రాసుకోండి.

వాటి కింద 13 సంఘాదిశేషాలు. ఇక్కడ తప్పుకు ఆరు రాత్రుల మానత్తం అనే ప్రాయశ్చిత్తం ఉంది. తప్పు దాచిపెట్టి ఉంటే, దాచినన్ని రోజులు దానికి ముందు పరివాసం, అంటే హక్కులు తగ్గించిన శిక్షాకాలం, గడపాలి. చివరికి కనీసం 20 మంది భిక్షువులున్న సంఘం అతన్ని తిరిగి చేర్చుకుంటుంది. తప్పుకు గడువు ఉంది, దాచినందుకు విడిగా మూల్యం ఉంది, వెనక్కి వచ్చే దారి ఉంది. ఇంకా కిందికి వస్తే వస్తువుల నియమాలు: అదనపు వస్త్రం పది రోజులకు మించి, నెయ్యి, నూనె, తేనె, బెల్లం లాంటి మందు సరుకులు ఏడు రోజులకు మించి దగ్గర ఉంచుకోకూడదు. వస్త్రం గడువు దాటితే దాన్ని వదిలేసి తప్పు ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాక ఆ వస్త్రం తిరిగి అతనికే ఇస్తారు! వస్తువు లాక్కోవడం ఉద్దేశం కాదు, నలుగురి ముందు ఆ మాట బయటికి రావడమే ఉద్దేశం. అన్నిటికన్నా కింద 75 సేఖియాలు. నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడకూడదు లాంటివి.

మీకు మూడు మెట్లు చాలు. మొదటిది, జరిగితే నివాసం వదలాల్సినవి. ఇవి నాలుగైదు మించకూడదు: ఉమ్మడి డబ్బు కాజేయడం, చేయి చేసుకోవడం, లైంగిక వేధింపు, లోపల మద్యం వగైరా. రెండోది, అందరి ముందు ఒప్పుకుని సరిచేసుకోవాల్సినవి. మూడోది, పక్కవాళ్లు ఒక మాట చెబితే సరిపోయేవి. మీ 41లో చాలా వాటికి ఈ మూడింట్లో ఎక్కడా చోటు దొరకదు. "అహంకారం విడవాలి" అన్నదాన్ని ఏ మెట్టు మీద పెడతారు?

ఇక నియమాలు గోడ మీద అంటించి వదిలేస్తే ఆరు నెలల్లో ఎవరూ చూడరు. భిక్షు సంఘంలో ప్రతి అమావాస్యకీ పౌర్ణమికీ ఉపోసథం అనే సమావేశం జరుగుతుంది. కనీసం నలుగురు భిక్షువులుంటే పాతిమొక్ఖం మొత్తం ఒకరు పైకి వల్లిస్తారు. తప్పు చేసినవాళ్లు అంతకుముందే ఇంకొకరి దగ్గర ఒప్పుకుని రావాలి. మీరూ పదిహేను రోజులకోసారి, ఇరవై నిమిషాలు మించకుండా, పత్రం మొత్తం పైకి చదవండి. ఇరవై నిమిషాల్లో చదవడం అవ్వకపోతే మీ పత్రం పెద్దదైందని అర్థం. 41లో ఎన్ని మిగలాలో ఈ లెక్కే చెబుతుంది.

వానాకాలంలో భిక్షువులు ఒకేచోట ఉండే మూడు నెలల వర్షావాసం చివర పవారణ ఉంటుంది. ఒక్కొక్కరూ లేచి "నా విషయంలో మీరు చూసింది గానీ, విన్నది గానీ, అనుమానించింది గానీ ఉంటే దయతో చెప్పండి" అని సంఘాన్ని అడుగుతారు. పెద్ద భిక్షువు ముందు అడుగుతాడు, చిన్నవాళ్లు తర్వాత. ఈ వరుస ముఖ్యం. మీ దగ్గర భూమి ఇచ్చినాయన మొదట అడగాలి. తప్పు ఎత్తి చూపేవాళ్లకూ ఐదు షరతులున్నాయి: తగిన సమయంలో చెప్పాలి, నిజమే చెప్పాలి, మృదువుగా చెప్పాలి, వినేవాడికి పనికొచ్చేదై ఉండాలి, మనసులో మైత్రి ఉండాలి. భోజనాల దగ్గర, మూడో మనిషి ఎదురుగా, లేదా వాట్సాప్ గ్రూపులో చెబితే మొదటి షరతే తప్పినట్టు.

పెన్న ఒడ్డు

తొట్లకొండ గారు చెప్పిన మెట్లు బాగున్నాయి కానీ "ప్రేమతో మెలగాలి" లాంటివాటిని పూర్తిగా తీసేయమంటే నేను ఒప్పుకోను. వాటికి వేరే చోటు ఉంది.

గాంధీ 1915 మే 25న అహమ్మదాబాదు దగ్గర కోచరబ్‌లో ఆశ్రమం మొదలుపెట్టినప్పుడు దాదాపు 25 మంది ఉన్నారు. నియమావళి ముసాయిదా రాసి, స్నేహితులకు పంపి అభిప్రాయాలు అడిగాడు. ఆశ్రమ వ్రతాలు తర్వాత పదకొండయ్యాయి, అవే ఏకాదశ వ్రతాలు: సత్యం, అహింస, బ్రహ్మచర్యం, అస్వాదం (రుచి మీద మోజు లేకపోవడం), అస్తేయం, అపరిగ్రహం (అవసరానికి మించి కూడబెట్టకపోవడం), శరీరశ్రమ, స్వదేశీ, నిర్భయత, అస్పృశ్యతా నివారణ, సర్వధర్మ సమభావం. వ్రతం ఎవరికి వాళ్లు పట్టేది. అపరిగ్రహం ఎంత సాధించావని కమిటీ కూర్చుని కొలవలేదు. కానీ ఆశ్రమం సబర్మతికి మారాక ఆ వ్రతాల కింద గంట కొట్టి నడిపే దినచర్య వేరే ఉంది: తెల్లవారుజామున 4 గంటలకు లేవడం, ప్రార్థన, మరుగుదొడ్లు తామే శుభ్రం చేసుకోవడం, రాత్రి 9కి పడుకునే గంట. శరీరశ్రమ వ్రతం కాగితం మీద మిగిలిపోకుండా ఉన్నదెలాగంటే, సాయంత్రం ప్రార్థనలో హాజరు పిలిచినప్పుడు ఎవరు ఆ రోజు ఎంత నూలు వడికారో చెప్పాల్సి వచ్చేది.

కాబట్టి మీ 41ని రెండు కాగితాలు చేయండి. ఒకదాని మీద వ్రతాలు. ఎవరూ ఎవర్నీ వాటి గురించి నిలదీయకూడదు. రెండోదాని మీద కంటితో చూసి "జరిగింది, జరగలేదు" అని చెప్పగలిగినవి మాత్రమే. "వీలైనంత మౌనం" మొదటి కాగితానికి పోతుంది. "రాత్రి 9 నుంచి ఉదయం ప్రార్థన దాకా వరండాల్లో మాటలుండవు, ఫోన్లు గదిలోనే, స్పీకరు పెట్టకూడదు" అన్నది రెండోదానికి. "సమయపాలన" మొదటిది. "5.30 ప్రార్థనకు రాలేనివాళ్లు 5.15 లోపు బోర్డు మీద పేరు రాయాలి, కారణం రాయనక్కర్లేదు" రెండోది. కారణం అడగడం మొదలుపెడితే పెద్ద వయసు వాళ్లు తమ జబ్బుల గురించి రోజూ అబద్ధాలు చెప్పాల్సి వస్తుంది.

రెండు కాగితాలు కలిపేస్తే ఏమవుతుందో చెప్తాను. వంటకు ఆలస్యంగా వచ్చినవాణ్ని "నీకు సేవాభావం లేదు" అంటారు. ఆలస్యానికి సరిచేసుకునే వీలుంది, సేవాభావం లేదన్న ముద్రకు లేదు. ఆధ్యాత్మిక నివాసాల్లో మాటలు ముదిరేది ఎక్కువగా ఇక్కడే, చిన్న పనితప్పును శీలం మీదికి తీసుకెళ్లినప్పుడు.

ఇంకొకటి. నియమం ముందే రాసి ఉంచుకోవాలి, మనిషి గుమ్మంలోకి వచ్చాక కాదు. కోచరబ్ ఆశ్రమం మొదలైన కొద్ది నెలలకే దూదాభాయి, దానీబెన్, వాళ్ల చిన్నపాప లక్ష్మి చేరతామన్నారు. అంటరానివాళ్లన్న ముద్ర ఉన్న కుటుంబం. నియమాలు పాటిస్తామన్నారు, చేర్చుకున్నారు. విరాళాలు ఆగిపోయాయి, బావి దగ్గర తిట్లు మొదలయ్యాయి. పేరు చెప్పని ఒకాయన 13,000 రూపాయలు ఇచ్చి వెళ్లేదాకా డబ్బుకు కటకట. అయినా చేర్చుకోవాలా వద్దా అన్న ప్రశ్నకు జవాబు అప్పటికే కాగితం మీద ఉంది. మీ పత్రంలో కులం, మతం, అంటు, మైల గురించి ఏం రాశారు? నెలసరి రోజుల్లో వంటగది గురించి? ఇవి రాయకపోతే ప్రతి ఇంటి అలవాటూ వంటగదిలోకి వచ్చి కూర్చుంటుంది.

మన దగ్గర ఇలాంటివి చూడాలంటే నెల్లూరు దగ్గర పల్లిపాడులో పినాకినీ సత్యాగ్రహాశ్రమం ఉంది, గాంధీ 1921 ఏప్రిల్ 7న ప్రారంభించాడు.

పద్దుల చిట్టా

నియమాల సంగతి పైవాళ్లు చూస్తున్నారు. నాకు మీ ప్రశ్నలో భయం వేసిన వాక్యం "భూమి ఇంకా ఆయన పేరు మీదే ఉంది".

పుదుచ్చేరి దగ్గర ఉమ్మడి నివాసంగా ఆరోవిల్ 1968 ఫిబ్రవరి 28న మొదలైంది. నాలుగు అంశాల చార్టర్, మొదటిదే "ఆరోవిల్ ఏ ఒక్కరిదీ కాదు, యావత్ మానవాళిది". ఆస్తులు మాత్రం శ్రీ అరవిందో సొసైటీ పేరు మీద ఉన్నాయి. 1973లో స్థాపకురాలు మదర్ పోయాక నివాసులకూ సొసైటీకీ మధ్య వివాదం ముదిరింది. 1980లో కేంద్రం అత్యవసర చట్టం చేసి నిర్వహణ తన చేతిలోకి తీసుకుంది, దాని మీద కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1988లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి ఫౌండేషన్ ఏర్పాటు చేసింది. ఆదర్శం ఎంత గొప్పదైనా రిజిస్టరు ఆఫీసులో ఉన్న పేరే చెల్లుతుంది. మీ కోసం పార్లమెంటు చట్టం చేయదు కదా.

మీకు రెండు దారులు. భూమి ఇచ్చినాయన నిజంగా ఇచ్చేయాలనుకుంటే సొసైటీ గానీ ట్రస్టు గానీ పెట్టి, దాని పేరున రిజిస్టర్డ్ గిఫ్ట్ డీడ్ రాయాలి. మన రెండు రాష్ట్రాల్లోనూ 2001 సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. గిఫ్టు ఇచ్చి, అవతలివాళ్లు పుచ్చుకున్నాక, మనసు మారిందని వెనక్కి తీసుకోవడం కుదరదు. ఈ మాట ఆయనకూ ఆయన పిల్లలకూ ముందే, విడిగా కూర్చోబెట్టి చెప్పండి. ఆయన ఇంకా ఊగిసలాడుతుంటే దీర్ఘకాల లీజు చేసుకోండి. ఏడాదికి మించిన లీజు రిజిస్టరు అవ్వాల్సిందే, నోటిమాట మీద గదులు కట్టకండి.

డబ్బుకు మూడు పద్దులు, మూడూ కలవకూడదు. ఒకటి స్థిరమైన ఖర్చు: గదులు, బోరు, సోలారు. రెండు నెలవారీ తిండి, కరెంటు. మూడు వైద్యం కోసం విడి నిధి. నెలవారీ చందా అందరికీ సమానంగా పెట్టి, కట్టలేనివాళ్ల సంగతి ఇద్దరికి మాత్రమే తెలిసేలా చూడండి. ఎక్కువ ఇచ్చినవాళ్ల పేర్లు గోడకు ఎక్కించకండి. నెల నెలా 5వ తేదీ లోపు జమా ఖర్చులు ఒక పేజీలో బోర్డు మీద ఉండాలి. బ్యాంకు ఖాతాకు ఇద్దరి సంతకాలు, ఆ ఇద్దరూ భార్యాభర్తలు కాకూడదు.

డిపాజిట్ తీసుకునే ఆలోచన ఉంటే 20,000 రూపాయలు, అంతకు మించి నగదుగా తీసుకోకండి, చట్టం ఒప్పుకోదు. తిరిగిచ్చే షరతులు రాసే ముందు ఆడిటరుకు చూపించండి.

ఇప్పుడు చాలామంది చేసే పొరపాటు: అమెరికాలో ఉన్న పిల్లలు అక్కడి పౌరసత్వం తీసుకున్నాక సొసైటీ ఖాతాలోకి నేరుగా డబ్బు పంపడం. ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చేది) ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ లేకుండా సంస్థ తీసుకోకూడదు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత డబ్బు పంపితే ఆ ఇబ్బంది లేదు.

ఆఖరుది రాయడానికి అందరూ మొహమాటపడతారు: గదిలో ఉండే హక్కు వారసులకు రాదు. నివాసి పోయిన తర్వాత సామాను తీసుకెళ్లడానికి పిల్లలకు ఎన్ని రోజులు ఇస్తారో కూడా రాయండి. నలభై ఐదు రోజులు సరిపోతుంది.

గోధూళి

అందరికీ ధన్యవాదాలు. భూమి సంగతి ఆదివారం కూర్చుని తేలుస్తాం. రెండు కాగితాల పద్ధతి కూడా నచ్చింది. మైల, నెలసరి గురించి మేం ఏమీ రాయలేదు, నిజమే. ఇంకా మూడు ఉన్నాయి. కొత్తవాళ్లను ఎలా చేర్చుకోవాలి, వంట వంతులు ఎలా వేయాలి, నిర్ణయాలు ఓటింగుతో చేయాలా?

గుణదల

చేర్చుకోవడం, వంట, రెండూ క్రైస్తవ సన్యాసి బెనెడిక్ట్ మఠాల కోసం రాసిన నియమావళిలో చక్కగా ఉన్నాయి. ఆరో శతాబ్దపు ఇటలీలో రాసింది, 73 అధ్యాయాలు, ఇప్పటికీ దాని ప్రకారం మఠాలు నడుస్తున్నాయి.

కొత్తగా వచ్చినవాళ్లకు తేలిగ్గా తలుపు తీయొద్దంటాడు. నాలుగైదు రోజులు గుమ్మం దగ్గర ఓపిక పట్టాక అతిథుల గదిలో కొన్నాళ్లు, తర్వాత కొత్తవాళ్ల నివాసంలోకి. రెండు నెలలు గడిచాక నియమావళి మొత్తం చదివి వినిపిస్తారు: "ఇదీ నువ్వు ఒప్పుకోబోయే చట్టం. పాటించగలిగితే రా, లేదంటే స్వేచ్ఛగా వెళ్లిపో". ఆరు నెలల తర్వాత మళ్లీ, ఇంకో నాలుగు నెలల తర్వాత మళ్లీ. మొత్తం ఏడాది. చేరినరోజు అతని సొంత బట్టలు పారేయరు, దుస్తుల గదిలో భద్రపరుస్తారు, ఎప్పుడైనా వెళ్లిపోతే అవి ఇచ్చి పంపడానికి. వెళ్లినవాడు మారి తిరిగొస్తే మూడుసార్ల దాకా చేర్చుకుంటారు, కాకపోతే వరుసలో అందరికన్నా చివర.

మీకు ఇందులోంచి పనికొచ్చేది: ఏడాది పూర్తయ్యేదాకా ఎవర్నీ సొంత ఇల్లు అమ్ముకుని రానివ్వకండి, అద్దెకు ఇచ్చి రమ్మనండి. ఇల్లు అమ్మి వచ్చినవాళ్లు ఇష్టం లేకపోయినా వెళ్లలేరు. వెళ్లలేక ఉండిపోయినవాళ్లు నలుగురుంటే నివాసం వాతావరణమంతా చెడిపోతుంది. ఇప్పుడున్న 16 మందికీ ఈ ఏడాది గడువు వర్తించాలి. మొదటివాళ్లం కదా అని మినహాయించుకోవద్దు.

వంటకు వారం వంతులు. జబ్బుపడ్డవాళ్లు, ముఖ్యమైన వేరే పనిమీద ఉన్నవాళ్లు తప్ప ఎవరికీ మినహాయింపు లేదు. శనివారం దిగేవాళ్లు తువ్వాళ్లు ఉతికి, గిన్నెలన్నీ శుభ్రంగా, ఏదీ పగలకుండా సరుకుల అధికారికి అప్పజెప్పాలి. అతను లెక్క చూసుకుని ఎక్కేవాళ్లకు ఇవ్వాలి. భోజనానికి గంట ముందు వడ్డించేవాళ్లకు అదనంగా కొంచెం రొట్టె, పానీయం పెట్టాలంటాడు, సణుక్కోకుండా వడ్డించడానికి! మనుషుల్ని బాగా ఎరిగినవాడు. సరుకుల అధికారి అడిగింది ఇవ్వలేకపోతే కనీసం మంచిమాటతో పంపాలని కూడా ఉంది. స్టోరు తాళం ఎవరికిస్తారో ఎంచుకునేటప్పుడు ఈ ఒక్క గుణం చూడండి.

పెద్దవంటిల్లు

16 మందికి లెక్క. పన్నెండు మంది వంతుల్లోకి, ముగ్గురేసి నాలుగు జట్లు. ఒక్కో జట్టుకు నాలుగు వారాలకోసారి వస్తుంది. మిగిలిన నలుగురిలో పెద్దవాళ్లిద్దరు కూర్చుని కూరలు తరగడం, ఒకరు స్టోరు, ఒకరు పద్దులు. భార్యాభర్తలను ఒకే జట్టులో వేయకండి. ఊరెళితే ఇద్దరూ ఒకేసారి వెళ్తారు, జట్టులో ఒక్కరే మిగులుతారు. వంతు మార్చుకోవాలంటే మార్చుకునేవాళ్లే మాట్లాడుకుని బోర్డు మీద రాయాలి, స్టోరు చూసేవారి మీద పడకూడదు.

మధ్యాహ్నానికి బియ్యం మనిషికి 125 గ్రాములు, అంటే 2 కిలోలు. కందిపప్పు 550 గ్రాములు, కూరగాయలు 3 కిలోలు, పెరుగు రెండున్నర లీటర్లు. ఈ వయసువాళ్లకు రాత్రి రొట్టెలు, లేదంటే మనిషికి 75 గ్రాముల బియ్యం చాలు. నూనె రోజుకు మనిషికి 20 గ్రాములు అనుకుంటే నెలకు 9.6 కిలోలు, సుమారు పదిన్నర లీటర్లు. మొదటి నెల 15 లీటర్లు దాటితే పోపుల్లో చేయి జారుతోందని అర్థం. ఉప్పు మనిషికి 5 గ్రాముల చొప్పున నెలకు 2.4 కిలోలు, ఊరగాయలో ఉప్పు కూడా ఇందులోకే వస్తుంది.

కారం, ఉల్లి వెల్లుల్లి, కాఫీ: ఈ మూడింటి గురించి ముందే తేల్చుకోండి. ఉమ్మడి కూర కారం తక్కువగా వండి, పొడులు బల్ల మీద పెట్టాలి. ఉల్లి తిననివాళ్లు ఒక్కరున్నా పప్పు ఉల్లి లేకుండానే. గదుల్లో ఎలక్ట్రిక్ కెటిల్ దాకా సరే, స్టవ్ ఒప్పుకోవద్దు. ఒక గదిలో స్టవ్ వెలిగిందంటే ఏడాదిలో పన్నెండు వంటిళ్లవుతాయి. గ్యాస్ ఇంటి కనెక్షన్ 14.2 కిలోలది వాడకండి, సంస్థ వంటశాలకు 19 కిలోల కమర్షియల్ సిలిండరే తీసుకోవాలి.

తొట్లకొండ

ఓటింగు గురించి. భిక్షు సంఘం అధికారికంగా నిర్ణయాలు చేసే సంఘకర్మలో పద్ధతి ఇదీ: సమర్థుడైన భిక్షువు ముందుగా ఞత్తి, అంటే ప్రతిపాదన, సంఘం ముందు పెడతాడు. మామూలు పనులకు ఒకసారి, ఉపసంపద (పూర్తి భిక్షు దీక్ష) లాంటి పెద్ద పనులకు మూడుసార్లు దాన్ని ప్రకటిస్తాడు: ఒప్పుకునేవాళ్లు మౌనంగా ఉండండి, ఒప్పుకోనివాళ్లు మాట్లాడండి. ఎవరూ మాట్లాడకపోతే సంఘం ఒప్పుకున్నట్టు. చేతులెత్తే పని లేదు. అధిక సంఖ్యాకుల మాట ప్రకారం తేల్చడం కూడా ఏడు వివాద పరిష్కార పద్ధతుల్లో ఉంది, యేభుయ్యసిక అంటారు. కానీ అది అభిప్రాయ భేదాల మీద వివాదం వేరే రకంగా తెగనప్పుడు మాత్రమే. ఒక మనిషి తప్పు చేశాడా లేదా అన్నది ఓట్లతో తేల్చరు.

మీరు ఇలా చేయండి. డబ్బు, కొత్త సభ్యులు, నియమాల మార్పు ఈ మూడింటికి ప్రతిపాదన మూడు సమావేశాల్లో, వారం వారం తేడాతో చదవాలి. మూడోసారికి ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే ఖాయం. రోజువారీ పనులకు ఒక్కసారి చాలు. అభ్యంతరం చెప్పినవారు తర్వాతి సమావేశానికి దాన్ని రాసి తేవాలి. వినోబా 1959లో పవునారులో పెట్టిన బ్రహ్మవిద్యా మందిరంలో కూడా నిర్ణయాలు సర్వసమ్మతితోనే.

పని అప్పగించేవాళ్ల గురించి ఒక మాట. గదులు కేటాయించేవారు, భోజనం పంచేవారు, సరుకుల గది చూసేవారు, వీళ్లను సంఘం ఎంచుకునేటప్పుడు ఐదు గుణాలు చూడాలి: ఇష్టం వల్ల, కోపం వల్ల, అవివేకం వల్ల, భయం వల్ల పక్షపాతం చూపనివాళ్లు, ఏది ఇచ్చారో ఏది ఇవ్వలేదో గుర్తున్నవాళ్లు. భయం అన్నది మీ దగ్గర భూదాత విషయంలో పనిచేస్తుంది. మంచి గాలి వచ్చే గది ఆయనకే వెళ్తుంది, ఆయన అడగకపోయినా.

పెన్న ఒడ్డు

సర్వసమ్మతికి ఒక చిక్కు ఉంది. మౌనమే ఒప్పుకోలు అంటే మన ఇళ్లలో పెరిగిన ఆడవాళ్లు, చిన్నవాళ్లు మౌనంగానే ఉండిపోతారు, తర్వాత వంటగదిలో అసలు అభిప్రాయం బయటపడుతుంది. మూడో చదువుకు ముందు అందరూ పేరు లేకుండా చీటీ వేయాలి, అందులో అభ్యంతరం ఒక వాక్యంలో రాయొచ్చు. చీటీలు అందరి ముందూ చదివాకే మూడోసారి ప్రకటించాలి. ఇంకో సంగతి, మాట్లాడే వరుస చిన్నవాళ్ల నుంచి మొదలవ్వాలి.

తొట్లకొండ

చీటీ బాగుంది. సంఘంలో కూడా యేభుయ్యసికకు శలాకలతో, అంటే చిన్న పుల్లలతో, రహస్యంగా అభిప్రాయం తీసుకునే పద్ధతి ఉంది. వరుస మాత్రం రెండు రకాలుగా ఉంచండి: అభిప్రాయానికి చిన్నవాళ్లు ముందు, తప్పు చెప్పమని అడగడానికి పెద్దవాళ్లు ముందు.

గొడవల మాట వచ్చింది కాబట్టి. కౌశాంబిలో సంఘం రెండుగా చీలిన వివాదం మరుగుదొడ్డి చెంబులో ఒకరు మిగిల్చిన నీళ్ల దగ్గర మొదలైందని అట్ఠకథ, అంటే పాళీ వ్యాఖ్యానం, చెబుతుంది. బుద్ధుడు చెప్పినా వినలేదు, ఆయన వాళ్లను వదిలి వెళ్లిపోయాడు. ఊరివాళ్లు భిక్ష ఆపేశాకే దారికి వచ్చారు. స్నానాలగది, మరుగుదొడ్డి గురించి మీ రెండో కాగితంలో కనీసం ఐదు వాక్యాలుండాలి: వాడాక ఎవరు తుడవాలి, బకెట్ నిండుగా ఉంచాలా ఖాళీగానా, వేడినీళ్లు మనిషికి ఎంత, ఉదయం 5 నుంచి 5.30 మధ్య ఎవరికి ముందు, డ్రెయిన్ జాలీ వారంలో ఏ రోజు కడగాలి.

ఎంత రాసుకున్నా రెండు వైపులా మాటలు తూలి, ఎవరేమన్నారో తవ్వితే గొడవ ఇంకా పెరిగే పరిస్థితి వస్తుంది. దానికి ఏడో పద్ధతి, తిణవత్థారకం, గడ్డి కప్పి వదిలేయడం. రెండు పక్షాలూ ఒకేచోట కూర్చుంటాయి. ఒక్కో పక్షం తరఫున ఒకరు లేచి తమవాళ్ల తప్పులన్నీ కలిపి ఒప్పుకుంటారు. విడివిడిగా ఎవరు ఏం చేశారన్నది ఎత్తరు. పెద్ద తప్పులకూ గృహస్థులకు జరిగిన అపచారానికీ ఇది వర్తించదు. మీరు కూడా మొదటి మెట్టు తప్పులకు దీన్ని వాడకండి. వేధింపు మీద గడ్డి కప్పిన చోట ఇక ఎవరూ ఉండకూడదు.

గోధూళి

73 ఏళ్లాయనకు మోకాళ్లు, ఇంకొకరికి గుండె ఆపరేషన్ అయింది. మంచాన పడితే ఎవరు చూడాలన్నది రాయాలా, లేక పిల్లలకు వదిలేయాలా?

తొట్లకొండ

రాయాలి. విరేచనాలతో పడి ఉన్న ఒక భిక్షువును ఎవరూ పట్టించుకోకపోతే బుద్ధుడు ఆనందుడితో కలిసి స్వయంగా కడిగి, ఆ తర్వాతే నియమం పెట్టాడు: గురువుంటే గురువు, శిష్యుడుంటే శిష్యుడు, ఎవరూ లేకపోతే సంఘమే చూడాలి, చూడకపోతే సంఘానిది తప్పు. సేవ కష్టమయ్యే రోగి లక్షణాలు కూడా ఐదు చెప్పారు: పథ్యం పాటించడు, మోతాదు తెలియదు, మందు వేసుకోడు, ఎలా ఉందో సేవచేసేవాళ్లకు నిజం చెప్పడు, నొప్పి ఓర్చుకోడు. నాలుగోది మీ పత్రంలోకి తీసుకోండి: ప్రతి నివాసీ జబ్బులు, మందులు, డాక్టరు, రక్తం గ్రూపు, ఆసుపత్రి నిర్ణయాలు ఎవరు తీసుకోవాలో ఒక కాగితం మీద రాసి కవరులో అతికించి ఇవ్వాలి, ఆరు నెలలకోసారి మార్చాలి. రోగి చనిపోతే అతని చీవరాలు (భిక్షు వస్త్రాలు), భిక్షాపాత్ర సేవచేసినవాళ్లకు ఇవ్వమన్నాడు. చేసిన సేవను సంఘం గుర్తించే పద్ధతి అది.

పద్దుల చిట్టా

దీనికి హద్దు కూడా రాయండి. మంచం మీద సేవ నివాసులు ఎన్ని రోజులు చేస్తారు, ఆ తర్వాత జీతానికి మనిషిని పెట్టుకునే ఖర్చు ఎవరిది. మొదటి 30 రోజులు నివాసులు వంతుల మీద, తర్వాత వైద్య నిధి నుంచి సగం, కుటుంబం సగం, అలా ఏదో ఒక అంకె ఉండాలి. ఆ పేజీ మీద చేరేరోజే నివాసి సంతకంతో పాటు పిల్లల్లో ఒకరి సంతకం కూడా తీసుకోండి.